పిడికెడు బియ్యానికి అంకెంత?

చీపురుపల్లి శివార్లలో రైలు గేటు కాసి రిటైరైన ఏసుదానానికి లోకంలో రెండు గౌరవాలు ఉండేవి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన గేటు దగ్గర ఒక మేకపిల్లకైనా గీత పడలేదన్నది మొదటిది. ఆదివారం ఆరాధన ముగిశాక బాప్టిస్టు గుడి ముంగిట్లో వేలంపాట పాడించేది ఆయనే అన్నది రెండోది. మొదటి గౌరవం పెన్షనుతో పాటు ఇంటికొచ్చి నిమ్మళంగా కూర్చుంది. రెండోదానికే ముప్పు వచ్చిపడింది.

ఆ పేటలో ఎవరి పెరట్లో తొలికాపు కాసినా ముందు గుడికి వస్తుంది. ఆనపకాయ, బొప్పాయి, గుడ్లు, ఒక్కోసారి కాళ్లు కట్టేసిన కోడిపుంజు. వీటన్నిటికీ పెద్దన్న లాంటిది పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరు చెప్పి ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంతలన్నీ గుడిలో ఒకే గంపలోకి ఒంపుతారు. ఆ గంపను వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం ఏసుదానం భార్య దేవమణి మొక్కు. ఆ ఇంట్లో వేరే బియ్యం ఉడికి చాలా కాలమైంది.

ముప్పు ఎక్కడ వచ్చిందంటే, ఏసుదానం కళ్లకు శుక్లాలు వచ్చాయి. పాటలో చెయ్యెత్తిన వాళ్లెవరో, జుట్టు సవరించుకున్న వాళ్లెవరో తెలియకుండా పోయింది. ఒక ఆదివారం పాస్టరుగారి అత్తగారు ప్రిస్కిల్లమ్మ ముఖం మీద వాలుతున్న ఈగను తోలుకుంటూ కూర్చుంటే, ఆవిడ చెయ్యి ఆడినప్పుడల్లా ఏసుదానం పాట పెంచుకుంటూ పోయాడు. ఆవిడ మీద ఆవిడే పాడుకుని చివరికి కోడిపుంజును గెలుచుకుంది. ఎదుటివాళ్ల మనసు నొప్పించడం ఎరగని మనిషి కనుక, నోరెత్తకుండా పుంజును చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆపై వారం ఆయన ఒక బొప్పాయిని గుడి స్తంభానికి ఖాయం చేశాడు. ఎవరో స్తంభానికి తెల్లకండువా తగిలించి ఉంచారు. స్తంభం తరఫున పాస్టరు ఇమ్మానుయేలుగారే ఆ బొప్పాయి పుచ్చుకున్నారు.

సంఘ పెద్దలు మెత్తటివాళ్లు. పల్లెత్తు మాట అనలేదు. "డిసెంబరులో కోతల పండగ వస్తన్నాది గదా, ఆ పెద్ద పాట మన బెన్హర్ సేత పాడిద్దుమా?" అని మాత్రం ఆయన మేనల్లుడి పేరెత్తారు. ఏసుదానం ఆ పూటే కంటాసుపత్రి గురించి వాకబు చేశాడు. కోతల పండగ లోపు కన్ను బాగుచేయించుకుని తీరాలనుకున్నాడు.

విజయనగరంలో కంటాసుపత్రి వాళ్లు కన్ను చూసి సరేనన్నారు, రక్తం చూసి కాదన్నారు.

"షుగరు మూడొందల దగ్గరున్నాది తాతా. రెండొందల లోపుకి దింపుకొని రా, అప్పుడు సేస్తాం. ఏటి తింటన్నావు?" అని అడిగింది సిస్టరు.

"దేవుడిచ్చింది."

"దేవుడు అన్నీ ఇస్తాడు. నువ్వు అన్నీ తినేయకు. గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువున్నవి సూసుకొని తిను."

అదేమిటో తెలిస్తే గానీ ఏసుదానం కుర్చీ లోంచి లేవలేదు. వెనకాల అంతమంది నిలబడి ఉన్నా ఆ పిల్ల విసుక్కోకుండా చెప్పింది. "తిన్నది ఎంత బేగి షుగరై రక్తంలో కలుస్తాదో, దానికొక అంకె తాతా. ఉత్త గ్లూకోజు వంద. మిగతావన్నీ దాంతో పోల్చి సెప్తారు."

ఏసుదానం ముఖం విప్పారింది. "అంటే ఎక్స్‌ప్రెస్సు, పేసింజరు, గూడ్సు! నాను గూడ్సు బండి లాటి తిండి తినాల."

"అదే తాతా."

"మరి టైంటేబులు ఇయ్యి."

సిస్టరు నవ్వింది. "టైంటేబుల్లు ఫోన్లో బోలెడున్నాయి. ఏది నిజమన్నదే కష్టం."

ఇక్కడ ఏసుదానం ఉద్యోగం గురించి ఒక సంగతి చెప్పాలి. రైలు వదిలే ముందు స్టేషను మాస్టరు గేటుకు ఫోను చేస్తాడు. గేటు మూశాక, గేటుమాను తన దగ్గరున్న కాగితం చూసి ఒక అంకె చెబుతాడు. దాన్ని ప్రైవేటు నంబరంటారు. ఆ అంకె అందితేనే రైలు కదులుతుంది. రేపేదైనా జరిగితే అంకె చెప్పినవాడే పూచీ. మాట ఎవడైనా చెబుతాడు, పూచీ పడినవాడి మాటే మాట అన్నది ఆయన ఒంటికి పట్టిన నీతి.

ఫోన్లలోకి నెట్టు ఉచితంగా వచ్చిపడ్డ రోజులవి. మెయిన్‌రోడ్డులో సెల్‌ రీచార్జి కొట్టు పెట్టుకున్న బెన్హర్, మేనమామ అడగ్గానే పట్టీల మీద పట్టీలు దించిపెట్టాడు.

"మావయ్యా, పుచ్చకాయ డెబ్బై రెండు. ముట్టుకోకు."

"ముట్టుకోను."

"ఉండుండు. ఇందులో యాభై అంతన్నారు."

"ఒకే బండికి రెండు టైములేటిరా? ఏది నిజం?"

"మూడోదాంట్లో అంకె నేదు. పుచ్చకాయ తింటే జన్మలో షుగరు రాదు, ఈ మెసేజీ పదిమందికి పంపకపోతే పాపం తగుల్తాది అని ఉన్నాది."

"ఎవుడు రాసినాడు? ప్రైవేటు నంబరుందా?"

బెన్హర్ కిందికంటా జరిపి చూశాడు. "నేదు మావయ్యా. గులాబీ పువ్వున్నాది."

ఒక పట్టీ మాత్రం బాగా చదువుకున్నవాళ్లది లాగే కనిపించింది. పైదేశాలది. అందులో బేగెల్, కూస్‌కూస్, పార్స్‌నిప్ అనేవి ఉన్నాయి. రాగులనే చోళ్లు లేవు, సజ్జలనే గంట్లు లేవు, తేగ లేదు, పనస తొన లేదు. "మనం తిన్నవి వాళ్లు తినరు, వాళ్లు తిన్నవి మనకి దొరకవు. మరి ఇద్దరికీ ఒకే జబ్బు ఎలగొచ్చినాదిరా?" అని ఏసుదానం బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు.

ఈ గోలంతా పక్కింటి జగన్నాధం చెవిని పడింది. ఆయన రైతు. కులాలూ దేవుళ్లూ వేరైనా, ఊరి వరసన ఇద్దరూ ఒకరికొకరు బావలు.

"పట్టీలెందుకు బావా? సోడంబలి తాగు. దాని ముందర షుగరు నిలబడదు. మా తాత తాగినాడు, మా అయ్య తాగినాడు, ఒక్కడికీ షుగరు నేదు."

"వాళ్లు నాగలి పట్టినారు. నాను మంచం పట్టినాను. పూచీ పడతావా? నంబరు సెప్పు."

జగన్నాధం తడుముకోకుండా "డెబ్బై నాలుగు" అన్నాడు.

"ఎక్కడిదది?"

"మా గేదె సెవి బిళ్ల మీద ఆఖరున ఉన్నాది."

అంత ధీమాగా చెప్పిన మనిషిని కాదనడమెలా? ఆ మర్నాటి నుంచి జగన్నాధం భార్య తవిటమ్మ, గేదె దగ్గరికి వెళ్లకముందే గోడ మీదుగా అంబలి కుండ అందించేది. చోడిపిండిని జల్లెడ పట్టి, గొంతులో జారిపోయేలా మెత్తగా కాచేది. జబ్బుమనిషి కదా, నోటికి బాగుండాలని ఓ బెల్లం ముక్క కూడా వేసేది. ఏసుదానం దేవుణ్ణి స్తుతించి పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, మళ్లీ సాయంత్రం ఒక చెంబు తాగాడు.

వారం తిరిగాక ఆయన తమ్ముడి కూతురు గ్లోరీ వచ్చి వేలు పొడిచింది. ఆ అమ్మాయి ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది.

"మూడొందల ఇరవై! ఏటి సేసినావు పెదనాన్నా?"

గోడ అవతలి నుంచి జగన్నాధం మొహం వేలాడేసుకుని వచ్చాడు. "తప్పు నాదే బావా. అది పాత గేదె నంబరు. దాన్ని అమ్మీసినాం."

అంబలి ఆగింది. తవిటమ్మ మనసు నొచ్చుకోకుండా దేవమణి తానే వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పి వచ్చింది. ఇక మిగిలింది అన్నం. బియ్యంలో కూడా రకాన్ని బట్టి అంకె మారుతుందని గ్లోరీ అనడంతో ఏసుదానానికి కొత్త చిక్కు మొదలైంది. తాను తినేది పిడికెడు బియ్యం. అందులో ఒకరి రేషను బియ్యం, ఒకరి స్వర్ణ, ఒకరి సాంబ, ఇంకొకరి ఉప్పుడు బియ్యం, నూకలు. ఊరంతా కలిసిన బియ్యానికి ఏ పట్టీలో అంకె ఉంటుంది?

ఆయన చేట నిండా బియ్యం పోసుకుని ఎండలో కూర్చుని, గింజ గింజా కంటి దగ్గరికి తెచ్చుకుని ఏరసాగాడు.

"దేవుడి బియ్యానికి అంకెలేటి మావా? కళ్లు పోతాయి!" అంది దేవమణి.

"పోయే ఉన్నాయి గదే. అందుకే గదా ఈ యాతన."

పొద్దు వాలేసరికి రెండు కుప్పలు తేలాయి. ఒకటి బియ్యం. రెండోదీ బియ్యమే. దేవమణి రెండిటినీ కలిపి ఎసట్లో పోసింది.

ఆ సంగతి పాస్టరుగారికి తెలిసింది. ఆదివారం ఆయన గుడిలో నిలబడి, "మన ఏసుదానం అన్న షుగరు దిగాలని ప్రార్థించండి. ఆయన తినేది మన పిడికిళ్ల బియ్యమే. దానికి ఎంత అంకో తెలియక మథనపడుతున్నాడు" అన్నారు. ఆడవాళ్లంతా కొంగు కప్పుకుని ప్రార్థించారు. అయితే ఆ పేట ఆడవాళ్లు ప్రార్థనతో ఆగే రకం కాదు. ఎవరికి వాళ్లు, ఇంకొకరితో చెప్పకుండా, మనసులో ఒక్కటే అనుకున్నారు: అందరూ ఎలాగూ బియ్యం వేస్తారు, ఈ వారం మన పిడికెడు మాత్రం షుగరుకి మంచిది వేద్దాం.

ఆపై ఆదివారం గంపలో కొర్రలున్నాయి. గంట్లు, సామలు, ఉలవలు, మెంతులు ఉన్నాయి. ఎండిన కాకర ముక్కలు, దంచిన నేరేడు గింజలు ఉన్నాయి. ప్రిస్కిల్లమ్మ తన షుగరు మాత్రల అట్ట ఒకటి అలాగే వేసేసింది. పిడికెడు బియ్యం గంపలో బియ్యం తప్ప అన్నీ ఉన్నాయి.

ఏసుదానం గంప పక్కన నిలబడి పాట మొదలుపెట్టాడు. గంప ఆయనకే దక్కాలని జనమంతా బిగుసుకుని కూర్చున్నారు. ఈగలు వాలినా ఎవరూ తోలుకోలేదు. పసిపిల్లల చేతులు తల్లులు పట్టుకున్నారు. పాడేవాడూ పాడించేవాడూ తానే అయి ఆయన ఆ గంప ఇంటికి తెచ్చుకున్నాడు.

మాత్రల అట్ట తీసేసి దేవమణి మిగతాదంతా వండింది. సామలు జావ అయ్యాయి, ఉలవలు రాళ్లలాగే ఉన్నాయి, కాకర ముక్కలు తమ స్వభావం మానుకోలేదు. ఏసుదానం కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన రోజురోజుకీ పొడుగవుతూ వచ్చింది.

"ఇంకొంచెం ఎయ్యనా మావా?"

"వద్దే. దేవుడి దయ, కడుపు నిండిపోయినాది" అనేవాడు నాలుగో ముద్దకి.

ఈసారి గ్లోరీ వచ్చి చూస్తే రెండొందల పది.

ఏసుదానం గంతేసినంత పని చేశాడు. "దొరికినాది! బెన్హర్‌ని పిలండి! ఈ గంప సంగతి లోకమంతా పంపుదుం. కింద గులాబీ పువ్వెట్టమనండి!"

గ్లోరీ ఆ అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. లేచి పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"పెదనాన్నా, ఇది నీ షుగరు దించలేదు. నువ్వు తినడం మానీసినావు."

ఏసుదానం అరుగు మీద కూలబడ్డాడు. కోతల పండగ దగ్గర పడుతోంది. "మరి నాను నమ్మేదేటమ్మా? ఎవడి టైంటేబులు సూసుకోవాల?"

గ్లోరీ పక్కనే కూర్చుంది. "పట్టీలన్నీ అబద్దాలని కాదు. ఎవరు కొలిసినారు, ఎంతమంది మీద, ఎలగ వండి కొలిసినారు, ఇవి రాసున్నదే నమ్ము. అదైనా దారి సూపిస్తాది గానీ నీ ఒంటి లెక్క సెప్పదు. వాళ్లు ఉత్త అన్నమే తినిపించి కొలుస్తారు. నువ్వు పప్పుతో, తోటకూరతో తింటావు. సోడి పిండి మెత్తగా జావ కాస్తే ఒకలాగ, రొట్టి సేస్తే ఒకలాగ. ఎంత తిన్నావన్నది ఇంకోటి. గూడ్సు బండైనా వంద పెట్టెలు తగిలిస్తే సరుకు దిగదేటి?"

"దిగుతాది" అని ఒప్పుకున్నాడు ఏసుదానం.

"నువ్వు రోజూ తిన్నదే తిను. తిన్న రెండు గంటలకి ఏలు పొడుసుకో. ఏది నీకు పడతాదో, ఎంత పడతాదో అదే సెప్తాది. ముందు నాతో పెద్ద డాక్టరు దగ్గరికి రా, నీ మాత్రలు ఏ కాలం నాటివో సూపిద్దుం."

ఏసుదానం తన చూపుడు వేలిని కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "అయితే ప్రైవేటు నంబరు ఇందులోనే ఉన్నాదన్నమాట."

డాక్టరు మాత్రలు మార్చాడు. దేవమణి గుడిలో ఆడవాళ్లందరికీ దండం పెట్టింది. "అమ్మల్లారా, ఎప్పటి బియ్యమే ఎయ్యండి. మీ పేమ నాను వండలేకపోతన్నాను" అంది. ప్రిస్కిల్లమ్మ మాత్రలు ప్రిస్కిల్లమ్మకు చేరాయి. ఏసుదానం కంచంలో అన్నం సగమైంది, ఆకుకూర కొండయింది. తిన్నాక జగన్నాధం వచ్చి "నడు బావా" అని పొలాల గట్టు వెంట తిప్పుకుని వచ్చేవాడు. తన గేదె నంబరు పాపం కడుక్కోవడానికి ఆయన ఒక్కరోజూ మానలేదు. వేలు పొడిచే వేళకు చుట్టుపక్కల వాళ్లు గోడ మీద చేరి క్రికెట్‌ స్కోరడిగినట్టు అడిగేవారు. నూట తొంభై అంటే ఒకరు "స్తోత్రం" అనేవారు, ఒకరు "నారాయణ" అనేవారు. దేవుడు రెండూ విన్నాడని దేవమణి నమ్మకం.

నవంబరు చివర్లో ఏసుదానం, దేవమణి మళ్లీ విజయనగరం వెళ్లారు. కంట్లో చుక్కలు వేశాక వేలు పొడిచారు.

"రెండొందల ఆరు తాతా."

ఏసుదానం ఇంకో వేలు చాపాడు. "ఆరే గదమ్మా" అంది దేవమణి, బజార్లో బేరమాడినట్టు.

"భయపడినా పెరుగుతాది అమ్మా. గంట కూకోమనండి, మళ్లీ సూద్దుం" అంది సిస్టరు, ఆయన భుజం తట్టి.

బల్ల మీద చుక్కలు వేయించుకున్న ముసలాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. సగం మంది షుగరు దిగక ఆగినవాళ్లే. ఏసుదానం కూర్చోలేక లేచి, గోడ పట్టుకుని వరండాలో నడవడం మొదలుపెట్టాడు. చుక్కల వల్ల ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ కనిపించలేదు.

శ్రీముఖలింగం వైపు నుంచి వచ్చిన కూర్మమ్మ అనే ముసలమ్మ బల్ల మీంచి కేకేసింది. "ఎక్కడికెల్తన్నావన్నా?"

"షుగరు దింపుకోడానికి."

"ఎక్కడ దింపుతారు? నానూ వస్తాను." ఆవిడ తడుముకుంటూ వచ్చి ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"సెల్లీ, నాకు పనికొచ్చినాది నీకు పనికొస్తాదో నేదో తెల్దు."

"తెలిసినోడు ఎవుడున్నాడు? నడు!"

ఆవిడ కొంగు ఇంకొకాయన పట్టుకున్నాడు. ఆయన భుజం మరొకావిడ పట్టుకుంది. చూస్తుండగానే బల్ల ఖాళీ అయింది. ఒక్కరికీ చూపు ఆనదు, ఒక్కరూ ఆగరు. వరండా చివర తెరిచి ఉన్న తలుపులోంచి ఆ వరస నేరుగా లోపలికి వెళ్లింది. అక్కడ ఆసుపత్రి ఆయాలు టిఫిను చేస్తున్నారు.

"ఉప్మా" అంది కూర్మమ్మ, వాసన పట్టి.

"ఆగకండి, ఆగకండి" అన్నాడు ఏసుదానం.

వరస బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఆయాలు ప్లేట్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఒక ఆయా ముందుకొచ్చి, ఏసుదానం చెయ్యి పట్టుకుని మెల్లగా తలుపు వైపు తిప్పి, అందరూ బయటపడేదాకా తలుపు పట్టుకునే నిలబడింది. సిస్టరు అరుస్తూ వచ్చింది గానీ, ఆ ముసలి మొహాలు చూసి నవ్వాపుకోలేక తనూ పక్కన నడిచింది. అలా ఎన్నో చుట్లు తిరిగాక ఏసుదానం వేలు అందుకుంది.

"నూట ఎనభై ఎనిమిది. ఇంక ఆగు తాతా, లోపలికి నడు."

ముందున్న మనిషిని తీసేసరికి వరస తికమకపడింది. ఎవరెటు తిరగాలో తెలియక కూర్మమ్మ గాల్లో చెయ్యి చాచింది. పంచదార జబ్బు గానీ కంటి జబ్బు గానీ ఎరగని దేవమణి పమిట బిగించి వచ్చి, ఆ చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

లోపల డాక్టరు ఏసుదానాన్ని పడుకోబెట్టి, "అంత తొందరేమిటి, వరండాలో తిరిగి తిరిగి షుగరు దించుకున్నావట?" అన్నాడు.

"కోతల పండగలో పాట పాడించాల బాబూ. ఇరవై రోజులున్నాది."

"నల్లద్దాలు పెట్టుకుని పాడిద్దువు గానిలే. కదలకు."

ఏసుదానం కళ్లు తెరిచే ప్రార్థన చేసుకున్నాడు. తలుపు అవతల చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, దూరమై, మళ్లీ దగ్గరికొస్తోంది.

"అక్కా, మరి సేపలు తినొచ్చా?" అంటోంది కూర్మమ్మ గొంతు.

"తినొచ్చమ్మా, తినొచ్చు" అంటోంది దేవమణి. "ముందు అడుగు సూసెయ్యి. మెట్లున్నాయి."